కల్లు డ్రమ్ముకి సరైన బిరడా ఏదీ?

కల్లు గురించి మాట్లాడేవాళ్ళు మన దగ్గర రెండే రకాలు. ఒకరు బంద్ పెట్టాలంటారు. ఇంకొకరు అది మన సంస్కృతి, గౌడన్నల బతుకు, దాని జోలికి రావొద్దంటారు. నేనీ ఇద్దర్నీ అడిగేది ఒకటే. ఆ కల్లు పోసి తెచ్చే డ్రమ్ము మూత ఎప్పుడైనా చూశారా?

నవ్వకండి. సీరియస్‌గానే అడుగుతున్నాను.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. (మన రాష్ట్రంలో ఇది పెద్ద వింతేం కాదు లెండి.) ఉండేది కొంపల్లి దాటాక. పొద్దున్నే మేడ్చల్ వైపు గానీ, శనాదివారాల్లో శామీర్‌పేట చెరువు వైపు గానీ బండి మీద వెళ్తే కల్లు తెచ్చే ఆటోలు, మోపెడ్‌లు ఎదురవుతూనే ఉంటాయి. ఒకసారి గమనించండి. ఒకదానికి మూత సగం తిప్పి వదిలేసి ఉంటుంది. ఇంకోదానికి మూతే ఉండదు, పాలిథిన్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేస్తారు. మరోదానికి గుడ్డ కుక్కుతారు. ఆ గుడ్డ చుట్టూ తెల్లగా నురగ, నురగ మీద ఈగలు. ఎవరైనా సరే నడిచి వచ్చి ఆ గుడ్డ తీసి, ఏదైనా వేసి, మళ్ళీ కుక్కేసి పోవచ్చు. తెలుసుకునే మార్గం లేదు.

శామీర్‌పేట దగ్గర చాయ్ తాగడానికి ఆగిన ఒక ఆటో ఆయన్ని అడిగాను, మూత గట్టిగా బిగించొచ్చు కదా అన్నా అని. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గట్టిగ బిగిస్తె డ్రమ్ము ఉబ్బుతది తమ్మీ. ఎండల ఇంకింత బిగిస్తె పేలుతది. నువ్వు ఎప్పుడన్న కల్లు దెచ్చినవా?" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. మన కథంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లెక్క చూద్దాం. తాటి నీరైనా ఈత నీరైనా, లీటరుకి ఓ వంద గ్రాముల చక్కెర ఉందనుకోండి. పాలలాగా కాసేపు ఆగి చెడిపోయే సరుకు కాదిది. లొట్టిలో పడుతున్నప్పుడే ఈస్టు, జైమోమొనాస్ అనే బ్యాక్టీరియా పని మొదలెట్టేస్తాయి. చక్కెర సగం ఆల్కహాల్ అవుతుంది, దాదాపు మిగతా సగం కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వంద గ్రాములూ పూర్తిగా పులిస్తే వచ్చే గ్యాస్ సుమారు 28 లీటర్లు. ఒక్క లీటరు కల్లుకి! యాభై లీటర్ల డ్రమ్ములో, దారిలో పదో వంతు చక్కెర మాత్రమే పులిసినా 140 లీటర్ల గ్యాస్ బయటికి పోవాలి. పోనివ్వకపోతే డ్రమ్ము ఉబ్బుతుంది, చివరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది. అందుకే ఆటో ఆయన మూత వదులుగా పెడతాడు. గ్యాస్ పోవడానికి వదిలిన ఆ సందులోంచే ఈగ వస్తుంది, దుమ్ము వస్తుంది, పొడి కూడా వస్తుంది.

పాతకాలంలో ఈ గొడవ లేదు. మండువ దగ్గరికి మనిషే నడిచి పోయేవాడు. గౌడాయన చెట్టు దిగి లొట్టి వంచితే తాటాకు రేకలో పట్టుకుని తాగేవాడు. చెట్టుకీ నోటికీ మధ్య దూరం పది అడుగులు. దానికి బిరడా ఎందుకు? ఇప్పుడు మేడ్చల్ చుట్టుపక్కల ఈత చెట్లున్న చోట్ల వెంచర్ల బోర్డులు లేచాయి. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక భూమి ధర ముందు చెట్టు ధర ఏ మూలకి? చెట్లు దూరం జరిగాయి, తాగేవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు, పైగా పెరిగారు. పది అడుగులు కాస్తా పదుల కిలోమీటర్లు, కొన్ని గంటలు అయింది. ఆ గంటల్లో డ్రమ్ములో ఏం జరుగుతుందో తాగేవాడికి తెలీదు, గీసినవాడికీ తెలీదు.

ఆ గంటల్లో ఏం జరగగలదో మాత్రం మనకి బాగానే తెలుసు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం. మొదటిది నిద్రమందు, మిగతా రెండూ డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మాత్రలు. నీళ్ళు కలిపి పలచబడ్డ కల్లుకి మత్తు తెప్పించడానికి ఇవి కలుపుతారు. 2015లో కల్తీ మీద గట్టిగా దాడులు చేసి ఒక్కసారిగా సరఫరా ఆపేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం, ఆస్పత్రుల ముందు వరసలు కట్టడం పేపర్లలో చూశాం. అది కల్లు మానేసినందుకు వచ్చింది కాదు, అలవాటైన మందు ఆగిపోయినందుకు వచ్చింది. వాళ్ళలో చాలామందికి తాము ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతున్నామనే తెలీదు! 2025 జులైలో మన మేడ్చల్ జిల్లా కిందికి వచ్చే కూకట్‌పల్లి ప్రాంతంలోనే కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోయింది. శాంపిళ్ళలో అల్ప్రాజోలం ఉందని తేలింది. లైసెన్సులు రద్దు చేశారు, అరెస్టులు జరిగాయి, టీవీల్లో నాలుగు రోజులు చర్చ నడిచింది. తర్వాత? రోడ్డు మీద డ్రమ్ములు అవే, గుడ్డలు అవే.

ఇక్కడ బంద్ వాదులు లేచి "అందుకే మేం చెప్పేది" అంటారని తెలుసు. ఆ ముచ్చట కూడా చూశాం కదండీ. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో మళ్ళీ తెరిచారు. పదేళ్ళు. ఆ పదేళ్ళలో ఊళ్ళో జనం కొబ్బరి నీళ్ళు తాగి బతికారని ఎవరైనా నమ్ముతారా? బంద్ పెడితే తాగేవాడు చీప్ లిక్కర్ వైపు పోతాడు, గీసేవాడు కూలికి పోతాడు, మందు కలిపేవాడు ఇంకో సందు వెతుక్కుంటాడు. 2015లో జరిగింది మళ్ళీ జరుగుతుంది. అడ్డా మీద కూలి దొరికే మనిషి సాయంత్రం ఏదో ఒకటి తాగుతాడు. మంచిదో కాదో మీరూ నేనూ తీర్పు చెప్పేలోగా తాగేస్తాడు. అతను తాగేదాంట్లో కల్లు మాత్రమే ఉండాలి అనేది నా మటుకు నాకు చాలా చిన్న కోరిక.

సంస్కృతి వాదులకి కూడా ఒక మాట. గుడ్డ కుక్కిన ప్లాస్టిక్ డ్రమ్ము కాటమయ్య ఇచ్చింది కాదు. అది రంగుల కంపెనీయో కెమికల్ కంపెనీయో వాడి పారేసిన డ్రమ్ము కూడా అయి ఉండొచ్చు. దాన్ని మార్చమంటే సంప్రదాయం మీద దాడి ఎలా అవుతుంది?

సరే, అసలు విషయం. లోపలి గ్యాస్ బయటికి పోవాలి, బయటిదేదీ లోపలికి రాకూడదు. ఇదేమైనా రాకెట్ సైన్సా? మన వంటింట్లోనే ఉంది. కుక్కర్ మీద విజిల్ చేసే పని అదే. ఆవిరి బలం బరువుని లేపితే పోతుంది, లేకపోతే మూసుకుని ఉంటుంది. గోలీ సోడా చూడండి. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1870ల్లో పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసే గోలీని రబ్బరు రింగుకి నొక్కి పెడుతుంది, అంటే సీసాకి బిరడా వేసేది గ్యాసే. మనకి దానికి తిరకాసు కావాలి, గ్యాసే తలుపు తోసుకుని బయటికి పోవాలి, పోయాక తలుపు దానంతటదే పడిపోవాలి. ఒక మెత్తటి సిలికాన్ రబ్బరు బిళ్ళ చాలు. కాఫీ పొడి ప్యాకెట్ల మీద చిన్న గుండ్రటి బొత్తాం లాంటిది ఉంటుంది చూడండి, అదీ ఇదే.

ఇంకా దగ్గరి చుట్టం ఇంగ్లండులో ఉంది. అక్కడి పబ్బుల్లో కాస్క్ ఏల్ అని ఒక రకం బీరు. పీపాలోకి ఎక్కాక కూడా అది పులుస్తూనే ఉంటుంది, అచ్చం మన కల్లు లాగా. ఆ పీపాకి రెండు కన్నాలు. పొట్ట మీద ఒకటి, దానికి పెట్టే బిరడాని షైవ్ అంటారు. పక్క చదరంలో అంచు దగ్గర ఇంకోటి, దాని బిరడా పేరు కీస్టోన్. బీరు కావాల్సినప్పుడు కొళాయిని సుత్తితో కీస్టోన్ మధ్యలోకి ఒక్క దెబ్బతో దిగ్గొడతారు. షైవ్ నడుమ చిన్న కన్నం చేసి అందులో మేకు లాంటి ముక్క పెడతారు. గ్యాస్ ఎక్కువున్నప్పుడు పెట్టేది మెత్తటి ముక్క, వెదురు లాంటి సందులున్న చెక్కతో చేస్తారు, అందులోంచి గ్యాస్ మెల్లగా కారిపోతుంది. గ్యాస్ తగ్గాక గట్టి చెక్క ముక్క పెట్టి మూసేస్తారు. వెదురు ముక్కండీ! వెదురు మన దగ్గర లేదా? వందల ఏళ్ళుగా పులిసే సరుకుని ఇలా మూసి, దింపి, పోసి అమ్ముతున్నారు.

వాళ్ళకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. కొళాయి తిప్పి బీరు పోస్తుంటే ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. రాకపోతే ధార ఆగిపోతుంది. వస్తే ఆ గాలితో బీరు మూడు నాలుగు రోజుల్లో పులిసి వెనిగర్ దారి పడుతుంది. దానికి గాలి బదులు సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్ళే కవాటం ఒకటి కనిపెట్టారు. 1971లో పుట్టిన క్యామ్రా అనే బీరు ప్రియుల సంఘం, అసలు బీరుకి ఇది ద్రోహం అని దాన్ని 2018 దాకా ఒప్పుకోలేదు. ఒక కవాటం కోసం అన్నేళ్ళు కొట్టుకున్నారు. నాకు ఆ పట్టుదల చూస్తే నవ్వూ వస్తుంది, అసూయా వస్తుంది. మన దగ్గర మనుషులు చచ్చినా బిరడా గురించి ఒక్క వాదన జరగలేదు. అన్నట్టు, మనకి ఆ సిలిండర్ అక్కర్లేదు. కల్లు ఆ రోజుకి ఆ రోజే అయిపోతుంది. వెనిగర్ భయం మర్నాటిది. లోపలికి వచ్చే గాలి ఒక వంకర గొట్టంలోంచి, మధ్యలో దట్టమైన ఫెల్టు బిళ్ళ దాటి వస్తే చాలు. ఈగ రాలేదు, పొడి రాదు.

అంటే మన డ్రమ్ముకి కావాల్సింది ఇది. పైన వెడల్పు మూత, ఎందుకంటే చెయ్యి పెట్టి కడగాలి. మూత మీద గ్యాస్ పోయే రబ్బరు కవాటం, గాలి వచ్చే వంకర గొట్టం. కింద పక్కన కొళాయి. పోసిన తర్వాత పై మూతకి సీలు. దుకాణంలో ఆ మూత తీయాల్సిన పనే లేదు, కొళాయి తిప్పి గ్లాసులోకి పోయడమే.

కష్టం ఎక్కడుందంటే నురగలో. కాగితం మీద గీసే మనబోటి వాళ్ళు మర్చిపోయేది ఇదే. కల్లు బీరు కాదు. ఒడపోసినా అందులో చెట్టు పీచు ఉంటుంది, జిగురు ఉంటుంది, తేనెటీగ రెక్క కూడా ఉంటుంది. మేడ్చల్ సర్వీసు రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరితే నురగంతా పైకి తన్ని కవాటంలో దూరుతుంది. అక్కడ ఎండి అంటుకుంటే తలుపు తెరుచుకోదు, మళ్ళీ డ్రమ్ము ఉబ్బుతుంది. ఇళ్ళల్లో వైన్ చేసుకునేవాళ్ళు వాడే నీళ్ళ గొట్టం ఇక్కడ అసలు పనికిరాదు, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే నీళ్ళు ఒలికిపోతాయి. కాబట్టి డ్రమ్ముని నిండా నింపకుండా పైన ఐదో వంతు ఖాళీ వదలాలి. కవాటం కింద అడ్డ పళ్ళెం ఒకటి ఉండాలి, నురగ దానికి తగిలి కిందికి జారిపోయేలా. కవాటం చేత్తో ఊడదీసి వేడినీళ్ళలో వేసేలా ఉండాలి, స్క్రూడ్రైవర్ అడిగిందంటే ఆ రోజే దాన్ని పీకేసి గుడ్డ కుక్కుతారు. కుక్కర్‌కి ఉన్నట్టు ఇంకో సేఫ్టీ ప్లగ్గు ఉండాలి, అసలుది మూసుకుపోతే అది ఊడిపోయేలా. ఇవన్నీ ఒక పాలిటెక్నిక్ పిల్లాడు ఒక సెమిస్టర్‌లో చేసి, పది రోజులు ఆటోలో తిప్పి, పాడైంది సరిచేసి, మళ్ళీ తిప్పగలిగే పనులు.

ఇది మా ఆఫీసులో చెప్తే ఒక మిత్రుడు వెంటనే "డ్రమ్ముకి క్యూఆర్ కోడ్ పెట్టి యాప్ రాసేద్దాం మామా" అన్నాడు. మా జాతికి ఉన్న రోగమే ఇది. నట్టు బిగించాల్సిన చోట కూడా యాప్ రాస్తాం. గుడ్డ కుక్కిన డ్రమ్ము మీద క్యూఆర్ అంటిస్తే అది కల్తీకి పుట్టిన రోజు సర్టిఫికెట్ ఇచ్చినట్టే. ముందు మూత మూసుకోవాలి, తర్వాతే సీలుకి అర్థం. పెట్రోలు ట్యాంకర్లకీ కరెంటు మీటర్లకీ వేసే నంబరు సీలు చాలు, తెగితే మళ్ళీ అతకదు. ఫోన్ లేని మనిషికి కూడా తెగిన సీలు కనిపిస్తుంది.

"సిరంజితో ఎక్కిస్తే?" అని అడుగుతారు. ఎక్కించొచ్చు. బ్యాంకు లాకర్‌ని కూడా గ్యాస్ కట్టర్‌తో కోయొచ్చు, అందుకని నగలు అరుగు మీద పెట్టం కదా. "అసలు దుకాణం వాడే కలిపితే?" అనేది దానికంటే మంచి ప్రశ్న. ఇక్కడే నేను బిరడా మీద ఇంత పట్టు పట్టేది. ఇప్పుడు దుకాణం వాడి దగ్గర కల్తీ దొరికితే "నాకు వచ్చిందే అట్లొచ్చింది" అంటాడు. తెచ్చినవాడు "నేను మంచిదే ఇచ్చిన" అంటాడు. మధ్యలో సొసైటీలో పొద్దున్నే చెట్టెక్కిన గీత కార్మికుడి పేరు కూడా చెడుతుంది. ఎవడు కలిపాడో తేల్చే గీత ఎక్కడా లేదు. సీలున్న డ్రమ్ము వస్తే ఆ గీత పడుతుంది. సీలు తెగకుండా లోపల మందు ఉంటే నింపిన చోట పట్టుకోండి, తెగి ఉంటే దుకాణంలో పట్టుకోండి.

ఇంకోటి, చెట్టే లేని కల్లు. నీళ్ళు, సాకరిన్, తెల్లదనానికి ఏదో పొడి, మత్తుకి మందు, పై పైన కాస్త అసలు కల్లు. ఇది కలిపేవాడికి బిరడా అడ్డం కాదు, లెక్క అడ్డం. కల్లు సొసైటీల కింద, గీత కార్మికులకి విడిగా ఇచ్చే చెట్ల పథకం కింద ఎవరికి ఎన్ని చెట్లున్నాయో ఎక్సైజ్ వాళ్ళ పుస్తకాల్లో ఉంటుంది. సీళ్ళు ఆ చెట్ల లెక్కన ఇస్తే సరి. వంద చెట్లకి వచ్చే కల్లు ఎంతో ఏ గౌడాయన్ని అడిగినా కాలాన్ని బట్టి చెప్తాడు. వంద చెట్ల సీళ్ళతో వెయ్యి చెట్ల కల్లు అమ్మడం కుదరదు. ఇప్పుడు ఈ లెక్క ఎవరూ అడగలేరు, ఎందుకంటే గుడ్డ కుక్కిన డ్రమ్ములని లెక్కపెట్టే పద్ధతి లేదు.

మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చేయలేదు? తెలివి లేక కాదు. శామీర్‌పేట నుంచి కరీంనగర్ రోడ్డు మీద కాస్త ముందుకి పోతే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. ప్రపంచానికి వ్యాక్సిన్లు పంపే కంపెనీలు అక్కడున్నాయి. సూక్ష్మజీవులని ట్యాంకుల్లో పెంచుతూ లోపలి గ్యాస్ బయటికి వదిలి, బయటి ఒక్క క్రిమిని లోపలికి రానివ్వకుండా చూడటం వాళ్ళ రోజువారీ పని. అదే జిల్లాలో బిట్స్ క్యాంపస్ ఉంది. ఈ గేట్ల ముందు నుంచే గుడ్డ కుక్కిన డ్రమ్ము ఆటోలో పోతోంది. మందు పులిస్తే ఇంజనీరింగ్, కల్లు పులిస్తే కులవృత్తి! ఆ రెంటి మధ్య గోడ రోడ్డు వెడల్పు కూడా లేదు.

చేయాలనుకుంటే అవుతుంది అనడానికి రుజువులున్నాయి. కేరళలో కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ కొబ్బరి నీరా పులవకుండా చెట్టు మీదే చల్లగా పట్టే ఐసు డబ్బా తయారు చేసింది. ఒక సర్కారీ సంస్థ కూర్చుని గెల కింద వేలాడే డబ్బా గురించి ఆలోచించింది చూడండి! మన దగ్గరే 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కిట్లు మొదలుపెట్టారు. మోకు జారి పడి నడుములు విరిగిన తరాల తర్వాత అయినా చెట్టు మీది మనిషికి తాడు, బెల్టు ఇచ్చారు. మంచి పని, చప్పట్లు కొట్టాల్సిందే. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ కూడా తెరిచారు, బాగుంది. కానీ కేఫ్‌లో గ్లాసు కడిగి ఇస్తారు, అక్కడికి వెళ్ళేది నాలాంటి వాళ్ళు. మేడ్చల్ అడ్డా కూలీ అక్కడికి రాడు. చెట్టు పైన కిట్టు వచ్చింది, సిటీ నడుమ కేఫ్ వచ్చింది, మధ్యలో డ్రమ్ము మాత్రం అలాగే ఉండిపోయింది.

కాబట్టి అడిగేది సూటిగా అడుగుతాను. ఊరికి దూరంగా అమ్మే ప్రతి దుకాణం లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేర్చండి: కల్లు సీలు వేసిన, గ్యాస్ కవాటం ఉన్న డ్రమ్ముల్లోనే రావాలి, కొళాయి నుంచే పోయాలి. చెట్టు కింద మండువలో లొట్టితో పోసే గౌడాయన్ని దీంట్లోంచి వదిలేయండి, ఆయనకి బిరడా అక్కర్లేదు, ఆయన మొహమే సీలు. మొదటి డ్రమ్ముల ఖర్చు సొసైటీల మీద రుద్దకండి. రక్షణ కిట్టు ఎలా ఇచ్చారో అలాగే ఇవ్వండి. ముందు మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో ఒక్క ఎండాకాలం నడిపి చూడండి, రబ్బరు ఎండకి ఎన్నాళ్ళు ఆగుతుందో అక్కడే తేలుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఫైనల్ ఇయర్‌కి అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కునే బదులు ఒక పాత డ్రమ్ము కొనండి. నురగ కింద అడ్డ పళ్ళెం ఏ కోణంలో పెడితే కవాటం మూసుకుపోకుండా ఉంటుందో నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ముప్పై డిగ్రీలు చాలదనిపిస్తోంది.